మన ఇంటిలోని రాయి

గోదావరి డెల్టాలో రాయి పుట్టదు. ధవళేశ్వరం దాటి దిగువకు వచ్చిన తరువాత సముద్రం వరకు ఉన్న నేల అంతా నది మోసుకొని వచ్చిన ఒండ్రుమట్టి. ఎక్కడ త్రవ్వినా బంకమట్టి, ఇసుక, వాటి క్రింద నీరు తప్ప బండ తగలదు. కోనసీమలో గాని, భీమవరం, నరసాపురం ప్రాంతాలలో గాని ఒక ఇంటిలో రాయి కనిపించిందంటే అది ఎక్కడి నుండో ప్రయాణం చేసి వచ్చిన అతిథి అన్నమాట. పూర్వం మన గృహిణులు రోలును, తిరగలిని, సన్నికల్లును తల్లి నుండి కూతురికి, అత్త నుండి కోడలికి అప్పగిస్తూ వచ్చారు. రాయి దొరకని చోట రాయికి విలువ ఎక్కువ.

నేడు పరిస్థితి మారింది. ఏ పట్టణానికి వెళ్ళినా రోడ్డు ప్రక్కన రాతిపలకలు వరుసలుగా నిలబెట్టిన దుకాణాలు కనిపిస్తున్నాయి. లారీ మన గుమ్మం ముందుకే వచ్చి దింపి పోతుంది. రాయి సులభంగా దొరుకుతున్నందువల్ల దానిని గురించి తెలుసుకొనవలసిన అవసరం తగ్గిందనుకోవడం పొరపాటు, నిజానికి పెరిగింది. మా ఇంటికి క్రొత్త నేల వేయించుకొన్న సందర్భంలో మేము అడిగి, చదివి, చూచి తెలుసుకొన్న సంగతులను, రేపు గృహస్థులు కాబోయే విద్యార్థి సోదర సోదరీమణుల కోసం ఇక్కడ మనవి చేస్తున్నాము.

మన జిల్లాలలో రాయి బొత్తిగా లేదని కాదు. రాజమహేంద్రవరం ప్రక్కన కాతేరులోను, నది ఆవలి ఒడ్డున పంగిడి ప్రాంతంలోను నల్లరాతి గనులున్నాయి. దాదాపు ఆరున్నర కోట్ల సంవత్సరాల క్రిందట భూగర్భం నుండి పొంగి ప్రవహించిన లావా గడ్డకట్టగా ఏర్పడిన బసాల్టు శిల అది. ధవళేశ్వరం కొండ రాతితోనే 1847 నుండి 1852 వరకు ఆర్థర్ కాటన్ దొర గోదావరికి ఆనకట్ట కట్టించాడు. మన పైరుపచ్చలకు మూలం ఆ రాయి అంటే అతిశయోక్తి కాదు. అయితే ఈ రాళ్ళు గడ్డలుగా పగులుతాయే గాని పలకలుగా విడిపోవు. పునాదికి, గోడకు, కంకరకు ఇవి శ్రేష్ఠం. నేలకు పరచాలంటే పొరలు పొరలుగా విడిపోయే రాయి కావాలి. పురాతన సముద్రాల అడుగున బురద పేరుకొని గట్టిపడిన సున్నపురాయికి ఆ గుణం ఉంటుంది. కడప, బేతంచెర్ల, తాండూరు బండలు, కర్ణాటకలోని షాబాదు బండలు ఈ జాతివే.

పూర్వం మన పల్లెలలో సామాన్యుల ఇండ్లకు పేడతో అలికిన మట్టినేల, కలిగినవారి మండువా లోగిళ్ళకు గానుగ సున్నంతో మెత్తిన గచ్చునేల ఉండేవి. 1900లో రాజమండ్రి వద్ద గోదావరి మీద రైలు వంతెన ప్రారంభమైన తరువాత బరువైన సరుకు నది దాటడం తేలికయింది. క్రమంగా కడప బండలు, ఆ తరువాత మొజాయిక్కు, ఆ పైన గ్రానైటు, టైల్సు మన ఇండ్లలో ప్రవేశించాయి. మన రెండు భాషలలోను వీటికి చక్కని పేర్లున్నాయి. పలకలుగా విడివడే సున్నపురాతిని తెలుగులో నాపరాయి అంటారు. ఉర్దూలో సంగెమర్మర్ అని పిలిచే శిలను తెలుగువారు చలువరాయి అన్నారు. పాదానికి తగిలే చల్లదనాన్ని బట్టి పెట్టిన పేరది. గచ్చు అనే మన మాట కూడా ఉర్దూలోని గచ్ అనే మాటకు చాలా దగ్గరిది. నేల మీద నడిచినంత కాలం భాషలు కూడా ఒకదానితో ఒకటి కలిసి నడిచాయి.

ఇక మా ఇంటి సంగతి. అది ధవళేశ్వరానికి దిగువన ఒక కాలువగట్టు గ్రామంలో మా నాన్నగారు కట్టించిన ఇల్లు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన మహావరదలో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ప్రవహించింది. ఆ నీరు మా గుమ్మం దాటి లోపలికి వచ్చింది. అప్పటి నుండి గచ్చునేల అక్కడక్కడ పొంగి, పగిలి, ఏటేటా అతుకులతో కాలం గడుపుతూ వచ్చింది. ఇటీవల మేము ముగ్గురం, అంటే ఇద్దరన్నదమ్ములము, మా చెల్లెలు, పొదుపు చేసుకొన్న డబ్బు ఒకచోట చేర్చి నేల మార్పించాలని నిశ్చయించుకొన్నాము. అది మరొకసారి వెచ్చించగల మొత్తం కాదు.

డబ్బు కంటె పెద్ద విచారం మరొకటి ఉన్నది. మా అమ్మగారికి ఎనభై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. చూపు మందగించింది; మోకాళ్ళు సహకరించవు. అయినా తెల్లవారకముందే లేచి, వెనుక వసారాలో వజూ చేసుకొని, తడికాళ్ళతోనే ఇంటిలోకి వస్తారు. మా పెద్దమ్మగారు కొన్ని సంవత్సరాల క్రిందట ఒక బంధువుల ఇంటిలో అద్దంలా మెరుస్తున్న నేల మీద నీరు పడి ఉండడం కనిపించక జారిపడ్డారు. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన ఆమె మళ్ళీ లేచి నడవలేదు. ఆ నేల అందాన్ని మెచ్చుకొన్నవారే ఆమె మంచం ప్రక్కన కూర్చున్నారు. కనుక నేల ఎన్నిక మాకు అలంకారానికి సంబంధించిన విషయంగా తోచలేదు.

పట్నంలో నాలుగైదు దుకాణాలకు వెళ్ళాము. అంతటా మొదటి ప్రశ్న ఒక్కటే: “ఏ రంగు చూపించమంటారండీ?” నిజానికి రంగు అడగవలసిన చివరి ప్రశ్న. అంతకుముందు అడగవలసిన ప్రశ్నలు మూడున్నాయి. ఈ రాయి దేనితో ఏర్పడింది? దీని మీద ఏమేమి పడతాయి? దీని మీద ఎవరు నడుస్తారు? ఈ మూడింటికి సమాధానం దొరికిన తరువాత మిగిలిన రాళ్ళలో నచ్చిన రంగు తీసుకొనవచ్చును.

మొదటి ప్రశ్నకు సమాధానం రసాయన శాస్త్రం చెబుతుంది. ఇంటిలో వాడే రాళ్ళను స్థూలంగా రెండు కుటుంబాలుగా విభజించవచ్చును. మొదటిది కాల్షియం కార్బొనేటుతో ఏర్పడిన కుటుంబం. కడప, తాండూరు, షాబాదు, బేతంచెర్ల బండలు, వాటితోపాటు పాలరాయి కూడా ఈ కుటుంబానికి చెందినవే. సున్నపురాయి భూగర్భంలో వేడికి, ఒత్తిడికి గురై రూపం మార్చుకొంటే పాలరాయి అవుతుంది. రెండవది గ్రానైటు వంటి అగ్నిశిలల కుటుంబం. ఇందులో క్వార్ట్జు, ఫెల్డ్‌స్పార్ వంటి గట్టి ఖనిజాలుంటాయి. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే, బంగారు చుక్కలు మెరిసే నల్లరాయి ప్రపంచమంతటా గ్రానైటు పేరుతోనే అమ్ముడవుతున్నది. శాస్త్రరీత్యా అది గాబ్రో జాతి శిల. ఆ చుక్కలు బ్రాంజైటు అనే ఖనిజపు పలుకులు. ఏమైనా అది కూడా అగ్నిశిలయే.

ఈ రెండు కుటుంబాలకు గల భేదాన్ని ఇంటిలోనే పరీక్షించి తెలుసుకొనవచ్చును. దుకాణం నుండి ఒక విరిగిన ముక్కను అడిగి తెచ్చుకొని, దాని మీద నాలుగు చుక్కలు నిమ్మరసం వేసి కొంతసేపు ఉంచి తుడవాలి. మెరుగుపెట్టిన సున్నపురాయి, పాలరాయి అయితే చుక్క పడిన చోట మెరుపు పోయి మచ్చ నిలుస్తుంది. గ్రానైటు అయితే సాధారణంగా ఏమీ కాదు. రెండవ పరీక్ష నీటితో. నీటిచుక్క వేసి పది నిమిషాల తరువాత చూడాలి. చుక్క క్రింద రాయి రంగు ముదిరితే ఆ రాయి నీటిని త్రాగుతున్నదని అర్థం. నీటిని త్రాగే రాయి నూనెను, పసుపును కూడా త్రాగుతుంది. మూడవది ఇనుప మేకుతో గీయడం. సున్నపురాయి మీద గీత పడుతుంది. గ్రానైటు మీద పడదు. దుకాణదారుని మాట కంటె ఈ మూడు పరీక్షలు నమ్మదగినవి.

మేకుతో గీసే పరీక్షకు శాస్త్రీయమైన ఆధారమున్నది. ఖనిజాల కాఠిన్యానికి 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక కొలమానం ఏర్పరచాడు. అందులో వజ్రం 10. సున్నపురాతిలోని కాల్సైటు 3. క్వార్ట్జు 7. గోదావరి ఇసుకలో అధికభాగం ఈ క్వార్ట్జు రేణువులే. అంటే ఏటి ఒడ్డున తిరిగి వచ్చిన మన పాదాలకు అంటుకొన్న ఇసుక, ఇంటిలోని కడపబండ కంటె, పాలరాయి కంటె ఎంతో గట్టిది. ప్రతి అడుగు ఆ ఇసుకతో నేలను కొంచెం కొంచెం అరగదీస్తుంది. గుమ్మం ముందు నీళ్ళచెంబు పెట్టి కాళ్ళు కడుక్కొని లోపలికి రమ్మన్న మన పెద్దల ఆచారం శుభ్రతకే గాక నేల మెరుపుకు కూడా రక్ష అని దీనివల్ల తెలుస్తున్నది.

రెండవ ప్రశ్న: రాయి మీద ఏమి పడుతుంది? ఇది గదిని బట్టి మారుతుంది. మన వంటగట్టు మీద పడనిది లేదు. చింతపండు పులుసు, నిమ్మకాయ, పెరుగు, టమాటా అన్నీ ఆమ్లగుణం గలవే. వేసవి వస్తే ఆవకాయ. మామిడి పులుపు, నూనె, కారం, ఆవపిండి కలిసి ఒక్కరోజులో గట్టుకు ఏడాది పరీక్ష పెడతాయి. అందుచేత వంటగట్టుకు గ్రానైటును ఎన్నుకొన్నాము. తెల్లని పాలరాయి గట్టు ఎంత అందంగా ఉన్నా పులుపు తినే మన ఇంటికి తగినది కాదు. పూర్వులు రోలుకు గట్టి నల్లరాతినే కోరుకొన్నారు. చింతపండు, పచ్చడి నూరినా దానికి చెక్కు చెదరలేదు.

మూడవ ప్రశ్న: ఎవరు నడుస్తారు? ఇక్కడ మేము ఎక్కువగా ఆలోచించాము. అద్దపు మెరుగు పెట్టిన రాయి పొడిగా ఉన్నంతసేపు పరవాలేదు. తడిస్తే, పాదానికి రాతికి మధ్య పల్చని నీటిపొర నిలిచి పట్టు తప్పుతుంది. రాయి గరుకుగా ఉంటే ఆ నీరు గుంటలలోకి జారి, పాదం ఎత్తులను పట్టుకొంటుంది. కనుక వజూ చేసుకొనే వెనుక వసారాకు, స్నానాలగదికి, నూతి చప్టాకు మెరుగు పెట్టని గరుకు రాయి తీసుకొన్నాము. పడకగదికి, సావడికి సహజమైన పైపొర గల తాండూరు బండలు మాత్రమే పరిపించాము. వాటిని అద్దంలా సానపెట్టించమని దుకాణదారుడు మరీ మరీ చెప్పాడు. మా చెల్లెలు ఒక పలకను తడిపించి, అమ్మగారిని చేయిపట్టుకొని నాలుగడుగులు నడిపించింది. “దీని మీద భయం లేదమ్మా” అని అమ్మగారు అన్నారు. ఎంపిక అంతటితో పూర్తయింది. ఇంటిలో అందరికంటె బలహీనమైన పాదమే నేలకు సరియైన కొలబద్ద అని మా అభిప్రాయం.

రాయి ఎంత మంచిదైనా దాని క్రింద ఉన్నది మంచిది కాకపోతే ప్రయోజనం లేదు. డెల్టాలో భూగర్భజలం చాలా పైన ఉంటుంది. సన్నని మట్టి దీపపు వత్తి నూనెను పీల్చినట్లు ఆ నీటిని పైకి పీలుస్తుంది. ఆ నీటితోపాటు ఉప్పు కూడా వస్తుంది. నీరు ఆవిరి కాగా ఉప్పు రాతి అతుకుల వెంట తెల్లని బూజులా నిలుస్తుంది. దీనిని అరికట్టడానికి పాత గచ్చును త్రవ్వించి, కాతేరు నల్లకంకరను ఒక దళసరి పొరగా వేయించాము. కంకర రాళ్ళ మధ్య సందులు పెద్దవి గనుక నీరు వాటి గుండా పైకి ఎక్కలేదు. దాని పైన కాంక్రీటు, ఆ పైన బండలు. పొరుగు ప్రాంతాల నుండి వచ్చిన అతిథిశిలను మన సొంత శిల క్రింద ఉండి మోయడం మాకు ఎంతో సంతోషం కలిగించింది.

బండలు పరచడానికి ముందు వాటిని నేల మీద ఊరకే పేర్చి చూడడం మంచిది. ఒకే గని నుండి వచ్చిన పలకలలో కూడా రంగు భేదాలుంటాయి. పేర్చి చూస్తే వాటిని సర్దుకొనవచ్చును. తడి చేరే చోట నీటికి తగిన వాటం ఉండాలి. అడుగుకు పావు అంగుళం వాలు ఉంటే నీరు నిలవకుండా తూముకు చేరుతుంది. పరచిన మరునాడు ప్రతి బండను కర్రతో తట్టి వినాలి. డొల్ల మోత వస్తే క్రింద సిమెంటు సరిగా నిండలేదన్నమాట. బరువు పడిన రోజున ఆ బండ అక్కడే పగులుతుంది. అటువంటి బండలు మా సావడిలో మూడు కనిపించగా, తాపీ మేస్త్రి ఏమీ అనకుండా లేపి మళ్ళీ పరిచాడు.

పని ముగిసే రోజున జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. బండల మీద అక్కడక్కడ సిమెంటు మరకలు మిగిలాయి. మేస్త్రి రెండు సీసాల ఆసిడ్ తెప్పించాడు. “ఈ మరకలు నీళ్ళకి పోవండీ, ఆసిడ్ పడాల్సిందేనండీ. రేపటికి తళతళలాడతాయండీ” అన్నాడు. మేము అతనిని ఆపి, దొడ్డిలో పడి ఉన్న ఒక విరిగిన తాండూరు ముక్క మీద కొంచెం పోసి చూడమన్నాము. పోయగానే బుసబుసమని నురుగు పొంగింది. కడిగి చూస్తే ముక్క పైభాగం పాలిపోయి, వేలితో రాస్తే పొడి రాలుతున్నది. అతడు ఆ ముక్కను చాలాసేపు చేతిలో త్రిప్పి చూశాడు. “ఇన్నేళ్ళూ ఆ పొంగు చూసి మురికి పోతోందనుకొన్నామండీ. పోయేది రాయేనన్నమాట” అన్నాడు.

అతడు చెప్పినది అక్షరాలా నిజం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం కాల్షియం కార్బొనేటును కరిగించి నీటిలో కలిసిపోయే కాల్షియం క్లోరైడుగా మారుస్తుంది. ఆ మార్పులో వెలువడే కార్బన్ డయాక్సైడు వాయువే మనం చూచే నురుగు. నురుగు మురికి పోతున్నదనడానికి గుర్తు కాదు, రాయి పోతున్నదనడానికి గుర్తు. మా మరకలను మేస్త్రి, ఇద్దరు కూలీలు చెక్కముక్కలతో గీకి, తడిపిన కొబ్బరిపీచుతో రుద్ది తీసివేశారు. రెండు రోజుల కూలి అదనంగా ఇచ్చాము. సిమెంటు తడిగా ఉన్నప్పుడే తడిగుడ్డతో తుడిస్తే ఆ రెండు రోజుల పని కూడా ఉండదు. మరొక హెచ్చరిక. వరద తరువాత చల్లే బ్లీచింగు పొడితో ఆసిడ్ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. మూసిన స్నానాలగదిలో అది ప్రాణాంతకం కావచ్చును.

ఇక దినచర్య. రాతినేలకు కావలసిన సేవ చాలా స్వల్పం. రోజూ మెత్తని చీపురుతో ఇసుక ఊడ్చాలి. తరువాత మంచినీటితో తడిగుడ్డ వేయాలి. వారానికొకసారి నీటిలో తేలికైన సబ్బు కొద్దిగా కలిపి తుడిచి, మళ్ళీ మంచినీటితో తుడిస్తే చాలు. సబ్బు ఎక్కువైతే జిడ్డుపొర నిలిచి దుమ్మును పట్టుకొంటుంది. చింతపండుతో ఇత్తడి, రాగి తోముకొనేవారు ఆ పని బండల మీద కాక దూరంగా చేసుకొనాలి. కడపబండ నల్లగా నిగనిగలాడాలని కొందరు నూనె రాస్తారు. అది నాలుగు రోజుల వేడుక, ఆ పైన అంతా దుమ్ముమయం. నూనె ఒలికితే వెంటనే అద్దాలి. రుద్దితే మరక వ్యాపిస్తుంది. పాతబడిన నూనెమరక మీద వంటసోడాను నీటితో ముద్దచేసి పట్టించి, ఒక రాత్రి ఉంచి, ఆరిన తరువాత తీసివేస్తే ఆ ముద్ద నూనెను పైకి పీలుస్తుంది. మొండి మరకకు రెండు మూడు సార్లు చేయవలసి వస్తుంది.

నీటిని త్రాగే రాతికి సీలర్ అనే పూత దొరుకుతుంది. అది రాతిలోని సన్నని రంధ్రాలలోకి ఇంకి నీటిని, నూనెను కొంతకాలం ఆపుతుంది. అది శాశ్వతం కాదు. నీటిచుక్క పరీక్ష చేసి, రాయి మళ్ళీ తడుస్తున్నప్పుడు తిరిగి వేయాలి. అడుగున తేమ ఉన్న బండలకు పైన పూత వేయరాదు. లోపలి నీరు బయటికి పోయే దారి లేక రాతి పైపొరను పొక్కులుగా లేపుతుంది. ఉప్పు తేరినప్పుడు కూడా నీళ్ళు పోసి కడిగితే అది కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. పొడి కుంచెతో దులిపి, తేమ ఎక్కడి నుండి వస్తున్నదో వెదకడమే దానికి మందు.

వర్షాకాలంలో మన నేలలు చెమర్చడం అందరికీ అనుభవమే. దీనిని రాతి దోషంగా భావించి దుకాణదారుతో వాదులాడినవారిని మేము ఎరుగుదుము. చన్నీళ్ళ గ్లాసు బయటివైపు నీటిబిందువులు ఎట్లు నిలుస్తాయో ఇదీ అంతే. చల్లగా ఉన్న రాతిని తేమ నిండిన వెచ్చని గాలి తాకగానే ఆ తేమ నీరుగా మారుతుంది. ఆ రోజులలో పంకా తిప్పి గాలి ఆడనివ్వాలి, పొడిగుడ్డతో తుడవాలి. ముసలివారు లేచే వేళకు ముందుగా తుడవడం మా ఇంటిలో పిల్లల పని. వరదనీరు లోపలికి వస్తే, నీరు తీస్తున్నప్పుడే బురదను కూడా నీటితో త్రోసివేయాలి. ఎండిన ఒండ్రును గీకితే అందులోని ఇసుక రాతిని గీస్తుంది.

రాతిని గురించి చెప్పి రాతిపని వారిని మరువడం న్యాయం కాదు. యంత్రంతో రాయిని పొడిగా కోసినప్పుడు లేచే సన్నని ధూళిలోని సిలికా ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే వ్యాధి కలిగిస్తుంది. దానికి చికిత్స లేదు. గ్రానైటులో సిలికా ఎక్కువ. రాతిపొడిని జిగురుతో కలిపి చేసే కృత్రిమ క్వార్ట్జు పలకలలో మరీ ఎక్కువ. ఈ కారణం వల్లనే ఆస్ట్రేలియా దేశం 2024 జూలై 1 నుండి అటువంటి కృత్రిమ శిలను నిషేధించింది. మా వసారాలో గట్టు రాయి కోయవలసి వచ్చినప్పుడు ఒక మనిషిని ప్రక్కన నిలబెట్టి కోతమీద నీరు పోయించాము. కోసే యువకునికి ముక్కుకు, నోటికి సరియైన ముసుగు తెప్పించి ఇచ్చాము. పని కొంచెం ఆలస్యమయింది. నేలంతా బురద అయింది. కాని మన వంటగట్టు నునుపు కోసం మరొకరి శ్వాస గరుకు కారాదు గదా.

సున్నపురాయి ఎంతకాలం నిలుస్తుందని కొందరు మమ్ములను అడిగారు. దానికి అమరావతి స్తూపమే సమాధానం. రమారమి రెండు వేల సంవత్సరాల క్రిందట పలనాటి సున్నపురాతి మీద చెక్కిన ఆ శిల్పాలు నేటికీ చెన్నై మ్యూజియంలోను, లండన్ లోని బ్రిటిష్ మ్యూజియంలోను ఉన్నాయి. వాటిలోని పూలరేకులు, కంఠహారాలు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. 1797లో కాలిన్ మెకంజీ ఆ స్థలాన్ని చూచే నాటికే అక్కడి ఇటుకను, రాతిని తరలించడం మొదలయింది. కొన్ని పలకలు సున్నపు బట్టీలలో కాలి బూడిదయ్యాయి. బట్టీలోని నిప్పు, సీసాలోని ఆసిడ్ సున్నపురాతికి చేసే కీడు ఒక్కటే. రెండూ దాని నుండి కార్బన్ డయాక్సైడును వెళ్ళగొట్టి దాని రూపును నాశనం చేస్తాయి. వానకు, గాలికి, శతాబ్దాలకు ఓర్చుకొన్న రాయి మనిషి తొందరపాటుకు ఓర్చుకోలేకపోయింది.

విద్యార్థి మిత్రులారా, మీలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు, కొందరు వ్యాపారస్థులవుతారు, అందరూ ఏదో ఒకనాడు ఒక ఇంటికి యజమానులో, యజమానురాండ్రో అవుతారు. అప్పుడు రంగు కంటె ముందు రాతి పుట్టుకను అడగండి. ధర కంటె ముందు దాని మీద నడిచేవారిని తలచుకొనండి. తళతళ కంటె ముందు దానిని కోసిన చేతులను తలచుకొనండి. తరువాత దానికి నీరు, మెత్తని గుడ్డ, కొంచెం ఓపిక తప్ప మరేమీ ఇవ్వకండి. మా నేల పరచి రెండు వర్షాకాలాలు గడిచాయి. అది అద్దంలా మెరవదు. చూడవచ్చినవారెవరూ ప్రత్యేకించి మెచ్చుకొనరు. మా అమ్మగారు మాత్రం గోడ పట్టుకొనకుండా నడుస్తున్నారు.